గోల్కొండ ద్వారం దగ్గర ఒక ప్రశ్న

హైటెక్ సిటీ చుట్టుపక్కల నివసించే మాలాంటి కుటుంబాలకు దుర్గం చెరువు అంటే తీగల వంతెన, రంగురంగుల దీపాలు, ఆదివారం సాయంత్రపు నడక. 2020 సెప్టెంబరులో ఆ వంతెన ప్రారంభమైన నాటి నుండి ఎన్నిసార్లు దాని మీదుగా వెళ్ళామో లెక్క లేదు. కాని ఆ చెరువు పేరులోని ‘దుర్గం’ ఏ దుర్గమో అని మేము ఒక్కనాడూ అడగలేదు. ఆ దుర్గం గోల్కొండ. కుతుబ్‌షాహీల కాలంలో కోటకు నీరు అందించిన చెరువు ఇదే. నేడు అద్దాల మేడల నీడ పడుతున్న ఈ నీరే ఆనాడు మట్టి గొట్టాల గుండా సాగి కోటలోని సైనికుల దాహం తీర్చింది. ఈ సంగతి మాకు తెలియడానికి మా చిన్నవాడు అడిగిన ఒక ప్రశ్న కారణమైంది.

వాడు ఆరో తరగతి. ఒక సాయంత్రం బడి నుండి వచ్చి, సంచి కింద పెట్టకుండానే అడిగాడు: “అబ్బా, ఔరంగజేబు మన రాజేనా?”

ఎందుకు అడుగుతున్నావని విచారిస్తే, తరగతిలో ఒక తోటి పిల్లవాడు ‘మీ రాజు’ అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారట. “నాకేం చెప్పాలో తెలియలేదు” అన్నాడు వాడు. ఆ మాటలో కోపం కంటే ఇబ్బందే ఎక్కువగా వినిపించింది.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. కాదని చెబితే సరిపోతుందా? ఔనని చెప్పి సమర్థించాలా? కంప్యూటరు ముందు పన్నెండు గంటలు కూర్చుని ఎంత జటిలమైన సమస్యనైనా పరిష్కరించగలమనుకునే మేము, మా ఇంటికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో జరిగిన యుద్ధం గురించి పిల్లవాడికి నాలుగు వాక్యాలు చెప్పలేకపోయాము. మాకే తెలియదన్నది అసలు సంగతి.

మా అపార్టుమెంటులో ఉన్న మరో మూడు కుటుంబాలతో ఈ మాట పంచుకున్నాము. ఒకరిది కర్నూలు, ఒకరిది గుంటూరు, ఒకరిది ఖమ్మం. అందరూ ఉద్యోగాల కోసం వచ్చి సైబరాబాదులో స్థిరపడినవాళ్ళే. కర్నూలు వారి ఇంట్లో పెద్దాయన చరిత్ర బోధించి పదవీ విరమణ చేశారు. మేమంతా ఆయనను మాస్టారు అనే పిలుస్తాము. ఆయన విని చిరునవ్వుతో అన్నారు: “దీనికి జవాబు ఇంట్లో కూర్చుని చెప్పేది కాదు. ఆదివారం అందరూ బయలుదేరండి.”

ద్వారమే మొదటి పాఠం

నవంబరు మాసం. ఏటా 19 నుండి 25వ తేదీ వరకు ప్రపంచ వారసత్వ వారోత్సవాలు జరిగే రోజులు. ఫజ్ర్ నమాజు తరువాత ఇడ్లీలు, ఖీమా రొట్టెలు, నీళ్ళ సీసాలు సర్దుకుని నాలుగు కుటుంబాలమూ బయలుదేరాము. గచ్చిబౌలి, రాయదుర్గం, షేక్‌పేట దాటగానే దృశ్యం మారిపోతుంది. ఎడమ వైపు, కుడి వైపు కొత్త భవనాలు. వాటి మధ్య కుతుబ్‌షాహీల కాలపు షేక్‌పేట సరాయి. బాటసారులు, వర్తకులు విశ్రమించిన చోటు అది. అక్కడి నుండి సమాధుల దారి పట్టి, బంజారా దర్వాజా గుండా కోట ఆవరణలోకి ప్రవేశించాము.

వెలుపలి ప్రాకారానికి 87 బురుజులు, 8 ద్వారాలు. ఫతే, మోతీ, జమాలీ, మక్కా, బహమనీ, పటాన్‌చెరు, బంజారా, నయా ఖిల్లా అని వాటి పేర్లు. మాస్టారు పిల్లల చేత ఆ పేర్లు ఒకటికి రెండుసార్లు చెప్పించారు. “పేర్లను బట్టి కోట బతుకు తెలుస్తుంది. పటాన్‌చెరు వైపు వెళ్ళే దారి ఒకటి. బంజారాలు ఎవరు? ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుని దేశమంతా తిరిగినవాళ్ళు. సైన్యాలు నడిచింది వాళ్ళు తెచ్చిన గింజల మీదే” అన్నారు.

పిల్లలకు ఆయన ముందుగానే ఒక పని అప్పగించారు. ఒక్కొక్కరికి ఒక కాగితం, ఒక పెన్సిలు. ‘తలుపు మీది ఇనుప మేకులు ఎంత ఎత్తులో ఉన్నాయి? ఎందుకు?’ ‘ద్వారం ఎదురుగా అడ్డుగోడ ఎందుకు కట్టారు?’ ‘నీళ్ళ గొట్టాలు ఎక్కడ కనిపించాయి?’ ‘కొండ మీద పక్కపక్కనే ఉన్న రెండు ప్రార్థనాలయాలు ఏవి?’ జవాబులు రాసి, ద్వారం బొమ్మ గీయాలి. పెద్దలు సహాయం చేయకూడదు.

ఫతే దర్వాజా దగ్గర పెద్ద చర్చే జరిగింది. ఏనుగు నుదురు తాకే ఎత్తులో మేకులు ఉన్నాయని మా పెద్దమ్మాయి కనిపెట్టింది. ఆ కాలంలో కోట తలుపులు పగలగొట్టడానికి ఏనుగులను ఉసిగొలిపేవారు. మేకు గుచ్చుకుంటే ఏనుగు వెనుదిరుగుతుంది. వెనుదిరిగిన ఏనుగు తన సైన్యాన్నే తొక్కుతుంది. ఎదురుగా ఉన్న అడ్డుగోడ వల్ల అది దూరం నుండి పరుగెత్తుకుంటూ వచ్చి ఢీకొనే వీలు కూడా ఉండదు. బాలా హిసార్ ద్వారం దగ్గర కూడా ఇదే ఏర్పాటు. అక్కడి గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ శిఖరాన ఉన్న మండపంలో వినిపిస్తుంది. పర్యాటకులకు అదొక వినోదం. ఆనాటి కావలివాడికి అది ప్రాణాలు కాపాడే సమాచార వ్యవస్థ. మాలో సగం మంది పైకి వెళ్ళాక, కింద మిగిలినవాళ్ళు చప్పట్లు కొట్టారు. పైన విన్న పిల్లల కేరింతలు కింద మాకు వినిపించలేదు కాని, వాళ్ళు ఊపిన చేతిరుమాళ్ళు కనిపించాయి.

సిలాహ్‌ఖానా, అంటే ఆయుధాగారం. అంబర్‌ఖానా, అంటే ధాన్యాగారం. మెట్ల పక్కన నీటి తొట్లు, గోడల్లో మట్టి గొట్టాల ముక్కలు. ఇవన్నీ చూస్తూ మూడు వందలకు పైగా మెట్లు ఎక్కాము. మాస్టారు మధ్యమధ్య ఆగుతూ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ చెప్పారు: “కోటను కాపాడేది ఫిరంగి ఒక్కటే కాదు పిల్లలూ. నీళ్ళు, గింజలు, కావలివాడి నమ్మకం. ఈ మూడింటిలో ఏది పోయినా గోడ నిలవదు.”

కొండ మీద ఇబ్రహీం మస్జిదు, దానికి చేరువలోనే మహంకాళి ఆలయం. ఆషాఢ బోనాలు ఏటా మొదలయ్యేది ఈ గోల్కొండలోనే. ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుండి 1580 వరకు పాలించాడు. అన్న జంషీద్‌కు భయపడి విజయనగరంలో ఏడేళ్ళు తలదాచుకున్నాడు. అక్కడ తెలుగు మాధుర్యం చవిచూసి వచ్చిన ఆయనను తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కు పొన్నికంటి తెలగన ‘యయాతి చరిత్ర’ను అంకితం చేశాడు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మా పిల్లలకు ఈ విషయం ఎంతో దగ్గరగా అనిపించింది.

ఎనిమిది నెలల ముట్టడి

మండపం నీడలో చాపలు పరచుకుని కూర్చున్నాము. పడమటి దిక్కున ఆర్థిక మండలపు ఆకాశహర్మ్యాలు మసకగా కనిపిస్తున్నాయి. మాస్టారు అసలు కథ ఇక్కడ మొదలుపెట్టారు.

ఔరంగజేబు గోల్కొండ మీదికి మొదటిసారి వచ్చింది 1656లో. అప్పటికి ఆయన చక్రవర్తి కాడు, దక్కను సుబేదారుగా ఉన్న యువరాజు. ఆ ముట్టడి సంధితో ముగిసింది. కోట వెలుపల ఉన్న ఒక ఎత్తైన మిట్ట శత్రువుకు ఎంత అనుకూలమో ఆ అనుభవంతో తెలిసివచ్చి, అబ్దుల్లా కుతుబ్‌షా దాన్ని కూడా కోటలో కలుపుకుంటూ గోడ కట్టించాడు. అదే నయా ఖిల్లా. నేడు అక్కడ గోల్ఫ్ మైదానం ఉంది. ‘హాథియాఁ కా ఝాడ్’ అనే మహావృక్షం కూడా అక్కడే ఉంది. శతాబ్దాల వయసున్న ఆ బావోబాబ్ చెట్టు ఆ యుద్ధాలను చూసిన సాక్షి.

1687 ఆరంభంలో చక్రవర్తి హోదాలో ఔరంగజేబు మళ్ళీ వచ్చాడు. అంతకు ముందు సంవత్సరమే బిజాపూర్ పతనమైంది. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా. ఆయన మంత్రులు అక్కన్న, మాదన్న 1686లోనే హతులయ్యారు. ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. మొగల్ సైనికులు సొరంగాలు తవ్వి, మందుగుండు కూరి, గోడలను పేల్చబోయారు. లోపలివాళ్ళు పసిగట్టి, ఎదురు సొరంగం తవ్వి, తమ వైపు మందుగుండు తొలగించి, నీళ్ళు పోశారు. నిప్పంటించినప్పుడు పేలుడు వెనక్కి తన్ని, వందలాది మొగల్ సైనికులనే బలిగొంది. వానలు ముంచెత్తాయి. కరువు, వ్యాధులు రెండు పక్షాలనూ కబళించాయి. ఖిలీజ్‌ఖాన్ అనే మొగల్ సేనాని ఫిరంగి గుండు తగిలి చేయి తెగి మరణించాడు. ఆయన మనుమడే తరువాత 1724లో ఆసఫ్‌జాహీ పాలనకు పునాది వేసిన మొదటి నిజాం.

“చివరికి గోడ కూలిందా?” అని అడిగాడు ఖమ్మం వారి అబ్బాయి.

“లేదు. తలుపు తెరిచారు” అన్నారు మాస్టారు.

అబ్దుల్లాఖాన్ పన్నీ అనే గోల్కొండ అధికారి లంచానికి లొంగి, 1687 సెప్టెంబరులో ఒక రాత్రి శత్రువుకు దారి ఇచ్చాడు. అబ్దుర్రజ్జాఖ్ లారీ అనే మరో సేనాని అంతకుముందే మొగల్ కొలువు ఇస్తామన్న ఉత్తరాన్ని అందరూ చూస్తుండగా చించివేశాడు. ఆ రాత్రి ఆయన ఒళ్ళంతా గాయాలతో కూలిపోయే దాకా పోరాడాడు. ఆయన విశ్వాసపాత్రతకు చలించి, ఔరంగజేబే చికిత్సకు వైద్యులను పంపించాడు. ఇదంతా రాసింది గోల్కొండ ఆస్థాన కవి కాదు, మొగల్ చరిత్రకారుడు ఖాఫీఖాన్. తనను బంధించడానికి వచ్చిన అధికారులను తానీషా నిబ్బరంగా ఆహ్వానించి, భోజనవేళ అయిందని వడ్డించమన్నాడని కూడా ఆయనే రాశాడు.

అడిగినవాడికి దొరికిన జవాబు

మా చిన్నవాడు కాగితం మీద గీస్తున్న ద్వారం బొమ్మ ఆపి, తలెత్తాడు. “మాస్టారూ, బయట ఉన్నవాళ్ళూ ముస్లిములే, లోపల ఉన్నవాళ్ళూ ముస్లిములే. మరి మనవాళ్ళు ఎవరు?”

పెద్దలం అందరం మౌనం వహించాము. వాడు బడిలో మోసుకొచ్చిన ప్రశ్న ఇదే. దీన్ని ఎవరో ఒకరి పక్షాన నిలబెట్టి తేల్చేయడం సులభం. మాస్టారు తొందరపడలేదు.

“బయటి సైన్యంలో రాజపుత్రులు కూడా ఉన్నారు నాయనా. లోపల తెలుగు నాయకవాడీలు ఉన్నారు, ఇరానీలు, పఠానులు ఉన్నారు. ఇది రెండు మతాల యుద్ధం కాదు. రెండు రాజ్యాల యుద్ధం. సాకులు చాలా చెప్పారు. శివాజీకి సాయం చేశాడనీ, బ్రాహ్మణ మంత్రులకు అధికారం ఇచ్చాడనీ తానీషా మీద నింద. వజ్రాల గనులున్న రాజ్యం మీద కన్ను కూడా ఉంది. నువ్వు అడిగినదానికి సూటిగా జవాబు కావాలంటే, మరో ఇద్దరి సంగతి విను.”

మొదటివాడు మొగల్ సామ్రాజ్యపు ప్రధాన ఖాజీ షేఖుల్ ఇస్లామ్. బిజాపూర్, గోల్కొండల మీద దండయాత్ర ధర్మసమ్మతమని చెప్పడానికి ఆయన అంగీకరించలేదు. పదవి వదులుకుని హజ్ యాత్రకు వెళ్ళిపోయాడు. రెండోవాడు ఔరంగజేబు స్వయానా కుమారుడు షా ఆలమ్. ముట్టడి కాలంలో తానీషాతో సంధి కోసం రహస్యంగా ఉత్తరప్రత్యుత్తరాలు జరిపాడన్న నేరానికి తండ్రే ఆయనను ఖైదు చేయించాడు.

“విశ్వాసుల్లోని రెండు వర్గాలు తలపడితే వారి మధ్య న్యాయంగా సంధి కుదర్చండని అల్ హుజురాత్ సూరా మనకు ఆదేశిస్తుంది. ఆ ఆదేశం ఆ రోజు అందరికీ తెలుసు. పాటించడానికి ఖాజీ తన పదవిని వదులుకున్నాడు. నీకు మనవాళ్ళు కావాలంటే, పేరు చూసి వెతకకు. పని చూసి వెతుకు. మాట తప్పని లారీ మనవాడు. అధికారం ముందు తలవంచని ఖాజీ మనవాడు. లంచం తీసుకుని తలుపు తెరిచినవాడి పేరు అబ్దుల్లా అయినా సరే, వాడు మనవాడు కాడు.”

“ఔరంగజేబు?” వాడు వదలలేదు.

“ఆయన గొప్పవాడూ ఉన్నాడు, తప్పు చేసినవాడూ ఉన్నాడు. రాజుల లెక్క అల్లాహ్ దగ్గర ఉంటుంది. ఆయన చేసిన మంచికి నీకు బహుమతి రాదు, ఆయన చేసిన చెడుకు నీకు శిక్ష లేదు. నువ్వు ఆయనకు వకీలువి కావు, ఆయన తరఫున ముద్దాయివీ కావు.”

ఈ మాట మా చిన్నవాడి కంటే మాకే ఎక్కువగా తగిలిందని ఒప్పుకోవాలి. ఎన్నో ఏళ్ళుగా మేము మోస్తున్న బరువు అది. కార్యాలయంలో, బంధువుల మధ్య, టీవీ ముందు ఎవరో ఒక పాదుషా పేరు ఎత్తగానే, మమ్మల్నే బోనులో నిలబెట్టినట్లు ఉలిక్కిపడటం మాకు అలవాటైపోయింది. దాన్ని పిల్లలకు వారసత్వంగా ఇవ్వనవసరం లేదని ఆ కొండ మీద అర్థమైంది.

ఇద్దరి సమాధులు

దిగేటప్పుడు పెట్ల బురుజు వైపు వెళ్ళాము. అక్కడ ‘ఫతే రహ్బర్’ అనే పెద్ద ఫిరంగి ఉంది. దాని మీద ఔరంగజేబు పేరు చెక్కి ఉంది. కోటను కూల్చడానికి వచ్చిన సైన్యపు ఫిరంగి, ఇప్పుడు ఆ కోట బురుజు మీదే మౌనంగా ఎండకు ఎండుతోంది. పిల్లలు దాని పొడవును జానలతో కొలిచారు.

బాలా హిసార్ ద్వారానికి దగ్గరలోని జామా మస్జిదు 1518 నాటిది. కుతుబ్‌షాహీ వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ 1543లో ఇక్కడే, ప్రార్థనలో ఉండగా, కన్నకొడుకు జంషీద్ ప్రేరేపణతో హత్యకు గురయ్యాడు. వంశం మొదలు నెత్తుటితో, ముగింపు ద్రోహంతో. మధ్యలో హైదరాబాదు నగరం, చార్మినార్, చెరువులు, కవిత్వం.

మధ్యాహ్నం నమాజు తరువాత ఇబ్రహీం బాగ్‌లోని కుతుబ్‌షాహీ సమాధులు చూశాము. 2013 నుండి దాదాపు పదేళ్ళకు పైగా ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర వారసత్వ శాఖ కలిసి ఈ ఆవరణను బాగుచేశాయి. గుమ్మటాలు, బావులు, తోటలు మళ్ళీ కళ తెచ్చుకున్నాయి. పిల్లలు పరుగెత్తి ఆడుకున్నారు. అయితే ఇక్కడ తానీషా సమాధి లేదు. ఆయనను దౌలతాబాద్ కోటలో బంధించారు. పన్నెండేళ్ళకు పైగా ఖైదులో ఉండి అక్కడే కన్నుమూశాడు. ఆయనను ఖననం చేసింది ఖుల్దాబాద్‌లో. 1707లో మరణించిన ఔరంగజేబు సమాధి కూడా ఆ ఖుల్దాబాద్‌లోనే ఉంది, పైకప్పు లేకుండా, ఆకాశం కింద. బంధించినవాడూ, బందీ అయినవాడూ ఒకే ఊరి మట్టిలో నిద్రిస్తున్నారు. మాస్టారు ఈ మాట చెప్పి ఇంకేమీ వ్యాఖ్యానించలేదు. మేమూ చేయము.

మీరు వెళ్ళాలనుకుంటే

కోట చూడడానికి పొద్దుటి పూట బయలుదేరడం మంచిది. ఎండ ముదిరాక మెట్లు ఎక్కడం పెద్దవాళ్ళకు కష్టం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు కింద సిలాహ్‌ఖానా, తోట, మస్జిదు చూసుకుంటూ ఆగవచ్చు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు టిక్కెట్టు ఉండదు. గైడును పెట్టుకుంటే చప్పట్ల విషయం తప్పక చూపిస్తారు; నీళ్ళ ఏర్పాటు గురించి మాత్రం మీరే అడగండి. సాయంత్రం ధ్వని, కాంతి ప్రదర్శన ఉంటుంది. ఆ రోజు ఏ భాషలో ఉందో ముందుగా విచారించుకోండి. మరో సెలవు రోజున సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల గది చూపిస్తే, కోటలో విన్నది పిల్లల కళ్ళకు మరింత బాగా కడుతుంది. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినం. ఆ రోజులను ఇంటి క్యాలెండరులో గుర్తు పెట్టుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, పిల్లలకు ప్రశ్నలు రాసి ఇవ్వండి. జవాబులు మీరే చెప్పేయకండి. వాళ్ళు తిరిగి అడిగే ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి. తెలియకపోతే తెలియదని చెప్పి, కలిసి వెతకండి.

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. దుర్గం చెరువు వంతెన మీద దీపాలు వెలిగాయి. మా చిన్నవాడు కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తున్నాడు. ఒడిలో ఉన్న కాగితం మీద ద్వారం బొమ్మ, దాని పక్కన వంకర గీతలతో ఒక నీటి గొట్టం. ఉన్నట్లుండి అన్నాడు:

“అబ్బా, మళ్ళీ వెళ్ళినప్పుడు వాణ్ణి కూడా తీసుకెళ్దామా?”

“ఎవరిని?”

“క్లాసులో అడిగినవాణ్ణి. వాడికీ ఏమీ తెలియదు కదా.”

వచ్చే నెల మొదటి ఆదివారం మళ్ళీ వెళ్తున్నాము. ఈసారి కారులో ఒక చోటు ఎక్కువ కావాలి.